నోరు కట్టుకున్న నెలలు

అన్నం ఉడికే వాసనకు భయపడి ఇంట్లోంచి బయటికి పారిపోయిన రోజులు నాకు ఉన్నాయి. ఇప్పుడు పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను. గంజి పొంగుతోంది, ఆవిరి ముఖానికి తగులుతోంది, నాకేమీ కావడం లేదు. ఇలాంటి రోజు ఒకటి వస్తుందని అప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. కడుపుతో ఉండి, తిన్నది నిలవక, మంచంలో ముడుచుకుని పడుకున్న ఆడపిల్లలు ఎవరైనా ఇది చదివితే, లేదా ఎవరైనా వాళ్లకు చదివి వినిపిస్తే, ముందుగా ఆ ఒక్క మాట చెప్పాలనిపించింది. ఆ రోజు వస్తుంది.

అవి తొంభైల మధ్య సంవత్సరాలు. శామీర్‌పేట దగ్గర ఒక పటేల్ ద్రాక్షతోటలో మేము ఉండేవాళ్లం. మా ఆయన సత్తయ్య బోరు మోటరు నడిపి తోటకు నీళ్లు పెట్టేవాడు. నేను, మా అత్తమ్మ తోటపని చేసేవాళ్లం. మోటరు గదిని ఆనుకుని ఒక చిన్న గది, ముందు రేకుల వసారా, అదే మా ఇల్లు. గడప దిగితే పందిరి మొదలయ్యేది. రాతి స్తంభాల మీద తీగలు లాగి, వాటి మీదికి ద్రాక్ష పాకించిన పందిరి. దాని కింద నడుస్తుంటే ఎండ కూడా పచ్చగా ఉండేది. మనుషుల చేతులు, చీరలు, నీళ్ల బిందెలు అన్నీ ఆ పచ్చదనంలో కొంచెం తేలుతున్నట్టు కనిపించేవి.

పెళ్లయిన రెండో ఏడు నాకు మొదటిసారి నెల తప్పింది. అత్తమ్మ సంతోషం పట్టలేక కొంగులో బెల్లం మూట కట్టుకుని వాడ వాడంతా తిరిగింది. కనిపించిన ప్రతివాళ్ల నోట్లో ఒక ముక్క పెట్టి, "మా యాదమ్మ నీళ్లోసుకున్నది" అని చెప్పింది. మూడో నెల నిండకముందే ఆ కడుపు పోయింది. బెల్లం తిన్నవాళ్లే మళ్లీ వచ్చి పరామర్శించారు. అత్తమ్మ వాళ్లకు చాప వేసి, నీళ్లిచ్చి, తాను మాత్రం గోడవైపు తిరిగి కూర్చుంది. నన్ను ఒక్క మాట అనలేదు. తన నోటి వల్లనే పోయిందని అనుకుంది.

ఆ తర్వాత ఒక ఆదివారం ఒక్కతే బస్సెక్కి గండిమైసమ్మ గుడికి పోయి మొక్కుకుని వచ్చింది. ఈసారి కడుపు నిలిస్తే మూడు నెలలు దాటేదాకా ఆ మాట ఇంట్లో ఎవరి నోటి నుంచీ రానివ్వనని మొక్కు. తన నోరే కాదు, నా నోరు, కొడుకు నోరు కూడా కలిపి కట్టేసి వచ్చింది.

ద్రాక్ష కోతలు మొదలైన రోజుల్లో నాకు రెండోసారి నెల తప్పింది. మొదట చెప్పింది నెల లెక్క కాదు, నా ముక్కు. ఒక పొద్దున బుట్టలో అడుగున నలిగిన గుత్తి నుంచి తీపి వాసన వచ్చింది. ఎన్నో ఏళ్లుగా ఎరిగిన వాసనే. అది నా గొంతులోకి వచ్చి కూర్చుంది. బుట్ట వదిలేసి స్తంభం పట్టుకుని వంగిపోయాను. పక్క సాలులో కోస్తున్న అత్తమ్మ చూసింది. చూసి, కత్తెర ఆపి, ఆకుల్లోంచి పైకి చూసి, చెంపలేసుకుంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో నాకు వచ్చిన రోగం పేరు పైత్యం.

అన్నం వాసన, తాలింపు వాసన, మా ఆయన తలకు రాసుకునే కొబ్బరినూనె, ఉతికి ఆరేసిన దుప్పటిలో మిగిలిన సబ్బు, అన్నీ పగబట్టినట్టు వచ్చేవి. మంచినీళ్లకు వాసన ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. తాగిన గుక్క తాగినట్టే బయటికి వచ్చేది. పొద్దునే కాదు, పొద్దంతా. మా కాలంలో పొద్దున రెండు వాంతులు చేసుకుని పనికి పోయేవాళ్లమని చెప్పే ఆడవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. కానీ అందరి కడుపూ ఒకటి కాదు.

కోతకు వచ్చిన ఆడవాళ్లు ఊరుకుంటారా.

"ఏందవ్వా, నీ కోడలు పందిరి కింద పండుకుని గుత్తులు లెక్కవెడుతాందా?"

"పైత్యం జేసింది" అనేది అత్తమ్మ.

"గంత పైత్యమా? మాకు జెయ్యదేంది?"

"మీకు పైత్యం రావాలంటే ముందుగాల మనుషులై పుట్టాలె" అనేది అత్తమ్మ, గుత్తి కోసి బుట్టలో వేస్తూ. అందరూ నవ్వేవాళ్లు. కానీ వాళ్లు అటు తిరగగానే నా పక్కన కూర్చుని నా నుదుటి మీద చెయ్యి వేసేది.

మా ఆయన నూనె రాసుకోవడం మానేశాడు. అన్నం ఇంట్లో వండొద్దని మూడు రాళ్లు, కుండ తీసుకుని తోట చివరికి పోయి, గాలి మావైపు రాని చోటు చూసి వండుకుని వచ్చేవాడు. ఆయనతోనూ నేను ఆ మాట అనలేదు, ఆయనా నాతో అనలేదు. ఒకరోజు దూరం నుంచే, "కుండ గాడనే కడిగిన" అన్నాడు. మా మధ్య అప్పట్లో జరిగిన పెద్ద మాట అదే.

నేను పందిరి కింద గోనెసంచి మీద పడుకునేదాన్ని. కడుపులో ఏమీ లేక తల తేలికైపోయి, నిద్రో మెలకువో తెలిసేది కాదు. పైన గుత్తులు మెల్లగా ఊగేవి. ఆడవాళ్ల మాటలు నీళ్ల అడుగు నుంచి వచ్చినట్టు వినిపించేవి. నేను చెరువులో వెల్లకిలా పడుకుని ఉన్నట్టు, పైన నీళ్ల మీద ఎండ పగిలి ఆడుతున్నట్టు ఉండేది. ఆ నీళ్లలోనే నా పక్కన చిన్నది ఏదో ఈదుతున్నట్టు అనిపించేది. అది జారిపోతుందేమోనని పొత్తికడుపు మీద చెయ్యి పెట్టుకుని పట్టుకునేదాన్ని. నిలుస్తుందా? ఈసారి నిలుస్తుందా? ఆ మాట కూడా లోపలే అడిగేదాన్ని, పెదవి కదపకుండా.

మూత్రం చిక్కటి పసుపు రంగులోకి మారి, లేచి నిలబడితే కళ్లు చీకట్లు కమ్మడం మొదలయ్యాక, మా ఆయన నన్నూ అత్తమ్మనూ మేడ్చల్ తీసుకుపోయి ఒక డాక్టరమ్మ దవాఖాన దగ్గర దించాడు. ఆయన నీళ్ల వంతు తప్పకూడదని మళ్లీ తోటకు పోయాడు. దవాఖాన లోపల గోడ పొడవునా బల్లలు, వాటి నిండా జనం. ఫినాయిలు వాసనకు రెండుసార్లు బయటికి పరుగెత్తాను. నా వంతు వచ్చింది.

"ఎన్నాళ్ల నుంచి వాంతులు?" అని డాక్టరమ్మ అడిగింది.

"ఎండల తిరిగింది డాక్టరమ్మా. పైత్యం జేసింది" అని అత్తమ్మ చెప్పింది.

"నెల నెలా సరిగ్గా అవుతోందా?"

"మంచిగనే అయితాంది."

అత్తమ్మ చెయ్యి నా మణికట్టు మీద ఉంది. గట్టిగా పట్టుకోలేదు. బతిమాలుతున్నట్టు పట్టుకుంది. డాక్టరమ్మ నావైపు చూసి, "నువ్వు చెప్పమ్మా" అంది. చెప్పాలనే నోరు తెరిచాను. మాట బదులు వాంతి వచ్చింది. నన్ను బయటికి తీసుకువచ్చారు. కడుపు ఎక్స్‌రే తీయించుకుని రమ్మని డాక్టరమ్మ చీటీ రాసింది. మిషన్ ఆ దవాఖానలోనే వెనక గదిలో ఉంది. ఆ గది ముందు బల్ల మీద కూర్చోబెట్టారు.

మా పక్కన ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. తల మీద నుంచి తెల్లటి దుపట్టా, వేళ్లకు తాంబూలం ఎర్ర మరక. పేరు మహబూబ్ బీ, వాళ్లదీ శామీర్‌పేటే. దగ్గుకు మందు కోసం వచ్చింది. నన్ను చాలాసేపటి నుంచి చూస్తూ ఉన్నట్టుంది.

"ఎన్నో నెల బేటీ?" అంది.

"నెల లేదు, గిల లేదు. పైత్యం" అంది అత్తమ్మ.

"పైత్యమా" అని తల ఊపింది మహబూబ్ బీ. "మా చిన్న కోడలుకు గూడ గిట్లనే పైత్యమైంది. గిప్పుడు గా పైత్యం బడికి పోతాంది."

అంత నీరసంలోనూ నాకు నవ్వు వచ్చింది. అత్తమ్మకు రాలేదు. దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి, "ఊకో అక్కా. గట్టిగ అనకు. మొక్కున్నది" అంది. మొక్కు ఏమిటో కూడా సరిగా చెప్పలేదు. ఒక వేలు పెదవుల మీద పెట్టుకుంది, ఇంకో చేత్తో నా కడుపు చూపించింది, తర్వాత మూడు వేళ్లు చూపించింది. మహబూబ్ బీకి అంతా అర్థమైంది.

"మరి ఈడెందుకు కూసున్నరు? కడుపుల బిడ్డ ఉంటే గా మిషన్ కింద పండుకోవద్దంటరు గద."

"ఎవలన్నరు?"

"గీ డాక్టరమ్మనే. మా కోడలుకు జెప్పింది."

అత్తమ్మ ముఖం నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. ఎక్స్‌రే అంటే ఫోటో అనే ఆమె అనుకుంది, నేనూ అదే అనుకున్నాను. ఒకవైపు మైసమ్మకు ఇచ్చిన మాట, ఇంకోవైపు ఆ తలుపు. నోరు తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. లోపలి నుంచి ఒకతను తొంగి చూసి, "యాదమ్మ ఎవలు? లోపలికి రా" అన్నాడు. నేను లేచాను. అత్తమ్మ నా కొంగు పట్టుకుంది, పిలిచిన అతనివైపు చూసి అడ్డంగా తల ఊపింది, కానీ మాట రాలేదు. కళ్లలోంచి నీళ్లు మాత్రం కారుతున్నాయి.

మహబూబ్ బీ దగ్గుతూ లేచింది.

"మొక్కింది నువ్వు. నేను మొక్కలే గద అక్కా. నా నోటికేం కట్టు లేదు" అంది. నేరుగా పోయి డాక్టరమ్మ గది తెర పక్కకు జరిపింది. లోపల ఇంకెవరినో చూస్తున్నా ఆగలేదు. "డాక్టరమ్మా, గా పిల్లకు నెల తప్పింది. వాళ్లకు మొక్కున్నది, అనరాదు. అందుకే నేను అంటున్న."

బల్లల మీది జనమంతా మావైపు తిరిగారు. తర్వాత డాక్టరమ్మే బయటికి వచ్చింది, నా చేతిలో చీటీ తీసుకుని చింపేసింది. అత్తమ్మను కోప్పడలేదు. "అమ్మా, దేవుడికి ఇచ్చిన మాట దేవుడి దగ్గర ఉంచు. నా దగ్గర మాత్రం దాచకు" అంది, అంతే. నన్ను లోపల మంచం మీద పడుకోబెట్టి గ్లూకోజు ఎక్కించారు. చల్లటి నీళ్లు చేతిలోంచి భుజం దాకా, అక్కడి నుంచి గుండె దాకా పాకుతుంటే, ఎండిన కాలువలో నీళ్లు వదిలినట్టు అనిపించింది. ఆ నీళ్ల చివర ఎక్కడో ఆ చిన్నది కూడా తాగుతోందనుకుని నిద్రపోయాను.

లేచేసరికి మహబూబ్ బీ వెళ్లిపోయింది. నా తలగడ దగ్గర కాగితం పొట్లంలో పుట్నాలు ఉన్నాయి. పొద్దున తల ఎత్తకముందే, పడుకునే, నాలుగు గింజలు మెల్లగా నమలమని అత్తమ్మకు చెప్పి పోయిందట. కడుపు ఖాళీగా ఉంచవద్దని, ఏది నిలిస్తే అది, ఎంత నిలిస్తే అంత తినమని డాక్టరమ్మ చెప్పింది. నీళ్లు కూడా నిలవకపోతే ఇంట్లో కూర్చోకుండా రమ్మంది. ఇది చదివే వాళ్లకు నేను చెప్పేదీ అదే. నీళ్లు నిలవనప్పుడు ఆగకండి. అంతకు మించి నాకు తెలియదు.

తిరుగు బస్సులో అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుంది.

"యాదమ్మా. అన్నది మనం గాదు గద."

"కాదత్తమ్మా."

"మైసమ్మ సూసింది గద. మనం అనలే."

"సూసింది."

ఆ తర్వాత దవాఖానకు పోయిన ప్రతిసారీ అత్తమ్మ ముందు మహబూబ్ బీ ఇంటికి పోయి ఆమెను వెంట తీసుకువచ్చేది. డాక్టరమ్మ ఏదైనా అడిగితే అత్తమ్మ మహబూబ్ బీ వైపు చూసేది, మహబూబ్ బీ చెప్పేది. "నా దగ్గు తక్కువైంది గని నీ కోడలు కడుపు కోసం నేను దవాఖాన సుట్టూ తిరుగుతాన" అని ఆమె వేళాకోళం చేసేది. ఒక్కసారి కూడా రానని అనలేదు.

మొదటి కడుపు పోయిన ఆ రోజులు దగ్గరికి వచ్చాయి. కోతలు అయిపోయాయి, తీగలు కత్తిరించారు, పందిరి మీద ఆకు లేదు. ఎండ నేరుగా దిగుతోంది. ఒక మధ్యాహ్నం పొత్తికడుపులో సన్నగా పట్టేసింది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. అత్తమ్మ నా ముఖం చూసింది, చేతిలో చేట కింద పెట్టింది, వచ్చి నా పక్కన అదే గోడకు ఆనుకుంది. గోడ అవతల మోటరు నడుస్తోంది. గోడ అంతా సన్నగా వణుకుతూ ఉంది. ఆ వణుకు మా ఇద్దరి వీపుల్లోకి వస్తూ ఉంది. ఎంతసేపు కూర్చున్నామో. పట్టేసింది మెల్లగా వదిలింది. నీడలు మా పాదాల మీదికి వచ్చాయి. అత్తమ్మ లేచి చేట తీసుకుని మళ్లీ బియ్యం చెరగడం మొదలుపెట్టింది.

మూడు నెలలు దాటాక మైసమ్మకు కొబ్బరికాయ కొట్టి వచ్చాం. అయినా ఆమె నోరు తెరవలేదు. "పుట్టినంక జెప్తగని" అంది. ఎవరైనా నా కడుపు చూసి అడిగితే, అది ముందుకు పొడుచుకుని వచ్చాక కూడా, "కండ పట్టింది" అనేది.

బతుకమ్మ పండుగ దాటాక ఆడపిల్ల పుట్టింది. చంద్రకళ అని పేరు పెట్టుకున్నాం.

వాంతుల కష్టం ఒక తీరు, ఆ పిల్ల నిద్ర కష్టం ఇంకో తీరు. పడుకోబెడితే లేచేది, ఎత్తుకుంటే ఏడ్చేది. పగలు ఏదో, రాత్రి ఏదో నాకు కలిసిపోయాయి. పొయ్యి మీద ఖాళీ గిన్నె పెట్టి మంట వేసేదాన్ని. ఒకసారి పిల్ల నా ఒళ్లోనే ఉండగా, పిల్ల ఏది అని వెతికాను. ఒకసారి పందిరి స్తంభాలు వరసగా నడిచి పోతున్నట్టు కనిపించాయి. అది కూడా రోగమేనని, నిద్ర లేని బాలింతకు వస్తుందని, సిగ్గుపడకుండా ఇంట్లో చెప్పాలని నాకు అప్పుడు తెలియదు. నేను చెప్పలేదు, అత్తమ్మే కనిపెట్టింది.

"పిల్లను ఇటియ్యి. నువ్వు పోయి పండుకో. లేపేదాక లేవకు" అంది.

నేను పడుకుని లేచి వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. పిల్ల ఏడుపు లేదు. మోటరు గదివైపు పరుగెత్తాను. ఆ గోడ బయట, చీరతో కట్టిన తొట్టెలలో, నా బిడ్డ నిద్రపోతోంది. లోపల మోటరు ఊం అని ఒకే తీరుగా మోగుతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను, ఊపిరి వెచ్చగా తగిలింది. కడుపులో ఉన్నప్పుడు తొమ్మిది నెలలు ఆ గోడ పక్కనే ఉంది కదా. ఆ చప్పుడు దానికి తెలుసు.

ఇక మా ఇంట్లో నిద్ర కరెంటుతో ముడిపడింది. కరెంటు ఉన్నంతసేపు మోటరు, మోటరు ఉన్నంతసేపు నిద్ర. కరెంటు పోగానే పిల్ల కళ్లు విప్పేది. ఒకరోజు అలా పోయినప్పుడు, పిల్ల ముఖం ఏడుపుకు సిద్ధమవుతుంటే, అత్తమ్మ పెదవులు గట్టిగా మూసుకుని లోపలి నుంచి మోటరులా ఊం అని మొదలుపెట్టింది. పిల్ల ఆగింది, విన్నది, కళ్లు మూసుకుంది. మా ఆయన తోటలోంచి పరుగెత్తుకు వచ్చి, "కరెంటొచ్చిందా ఏంది?" అన్నాడు. అత్తమ్మ ఆపకుండానే చెయ్యి ఊపి పొమ్మంది. ఆపితే పిల్ల లేస్తుంది.

చలికాలం పోయేసరికి పందిరి మళ్లీ ఆకులు వేసింది. పిల్ల తొట్టెల మీద పచ్చటి వెలుగు పడేది. ఎవరైనా దారిన పోతూ, "పిల్ల మంచిగ పంటదా అవ్వా?" అని అడిగితే అత్తమ్మ, "ఏడ పంటది? ఒక్క రెప్ప ముయ్యది. సంపుతాంది" అనేది. బాగా నిద్రపోతోందని నోటితో అంటే ఆ నిద్ర పోతుందని ఆమె నమ్మకం. నేనూ ఎప్పుడూ అనలేదు.

పిల్ల బడికి పోయే వయసు వచ్చాక, ఒకసారి జ్వరం వస్తే అదే దవాఖానకు తీసుకుపోయాం. మహబూబ్ బీ అప్పటికి లేదు. పిల్ల అత్తమ్మ ఒళ్లో కాళ్లు వేలాడేసుకుని నిద్రపోయింది. అత్తమ్మ నోరు మూసుకుని సన్నగా మోటరు మోగిస్తోంది. మా ఎదుట ఒక అత్త, ఒక కోడలు. కోడలు పెదవులు ఎండిపోయి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది.

"ఏమైంది పిల్లకు?" అని అత్తమ్మ అడిగింది.

"అరగలే. బయట తిన్నది" అంది ఆ అత్త, అటూ ఇటూ చూస్తూ.

అత్తమ్మ ఆ కోడలిని చూసింది. పొత్తికడుపు మీద ఉన్న ఆమె రెండో చెయ్యి చూసింది. నిద్రపోతున్న చంద్రకళను నా ఒళ్లోకి మార్చింది. లేచి, మోకాళ్లు పట్టుకుని, డాక్టరమ్మ గది దాకా నడిచి, తెర పక్కకు జరిపింది.

"డాక్టరమ్మా, ఆడ కూసున్న పిల్లకు నెల తప్పినట్టున్నది. వాళ్లు అంటలేరు. ఏం మొక్కున్నదో ఏమో. నా నోటికి కట్టు లేదు."

తిరిగి వచ్చి కూర్చుంది. ఆ కోడలు ఏడుస్తోంది, ఆమె అత్త ఏం చేయాలో తెలియక మావైపే చూస్తోంది. కాసేపటికి, ఏదో ఒకటి మాట్లాడాలని, చంద్రకళను చూపించి, "మీ మనుమరాలు మంచిగ పంటదే" అంది.

"ఏడ పంటది" అంది అత్తమ్మ. "ఒక్క రెప్ప ముయ్యది."

పిల్ల నోటి పక్క నుంచి కారిన సొంగ నా చీర మీద తడిగా పరుచుకుంటోంది.

ఇప్పుడు ఆ తోట లేదు. బోరు ఎండి, తీగలు ఎండి, స్తంభాలు పీకి, ప్లాట్లు చేశారు. చంద్రకళ పై తరగతులకు వచ్చింది. దాని ఒకటో తరగతి పలక మీదనే నేనూ అక్షరాలు దిద్దుకున్నాను. ఈ మధ్యాహ్నం అది ఫ్యాను కింద పడుకుని ఉంది. ఇందాక కరెంటు పోయింది, అది కదిలింది, పక్క మంచంలో ఉన్న అత్తమ్మ కళ్లు తెరవకుండానే పెదవులు మూసుకుని ఊం అంది. కరెంటు వచ్చింది. ఆమె ఆపింది.

నోటితో అనకూడదని ఆమె నమ్మకం. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నేను ఆమె మాట దాటలేదు, ఇప్పుడూ దాటను. కానీ చేత్తో రాయొద్దని ఆమె ఏ దేవతకూ మొక్కలేదు. అందుకే, అన్నం దించి, చేతులు తుడుచుకుని వచ్చి, ఈ చివరి మాట కూడా రాస్తున్నాను.

నా బిడ్డ బాగా నిద్రపోతోంది.